సాక్షిని చూసినవారే తీర్పు చెప్పాలి
(రాజమహేంద్రవరంలో ఒక సభలో సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన దేశంలో లేని జ్యూరీ గురించి ఇక్కడెవరు వింటారని నన్ను పిలిచిన మిత్రులే మొదట సందేహపడ్డారు. ఈ సభలో కూర్చున్న పెద్దల్లో చాలామంది పిల్లలు అమెరికాలోనో ఇంగ్లండులోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డవారే. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక ఏదో ఒకరోజు కోర్టు నుంచి కబురు రావచ్చు, నలుగురితో కలిసి కూర్చుని సాటి మనిషి దోషి అవునో కాదో చెప్పమని. అది ఒక కారణం. రెండో కారణం మన ఊరిది. మన దేశపు జ్యూరీ కేసుల్లోకెల్లా పేరుమోసిన దానికి సుప్రీంకోర్టులో తుది తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు రాజమహేంద్రవరంలో పుట్టినవారు. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, ఆ తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి. కనుక ఆ కేసుతోనే మొదలుపెడతాను.

1959 ఏప్రిల్ 27. బొంబాయిలో నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతికి భార్య సిల్వియా ఇంట్లో ఒక నిజం చెప్పింది, తాను ప్రేమ్ అహుజా అనే వ్యక్తిని ప్రేమిస్తున్నానని. నానావతి భార్యనూ పిల్లలనూ మెట్రో సినిమా హాలు దగ్గర దించాడు. అక్కడి నుంచి తన ఓడకు వెళ్లి, రాత్రివేళ ఒంటరిగా అహ్మద్‌నగర్ దాకా కారు నడపాలని చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నాడు. అహుజా ఆఫీసుకు వెళ్తే అతను లేడు. ఫ్లాటుకు వెళ్లాడు. పడకగదిలో అహుజా తూటాలకు చనిపోయాడు. నానావతి వెళ్లి పోలీసులకు లొంగిపోయాడు.

సెషన్స్ కోర్టులో తొమ్మిదిమంది జ్యూరీ ముందు విచారణ జరిగింది. పెనుగులాటలో రివాల్వరు పేలిందన్నది నానావతి వాదన. స్నానం చేసి వచ్చిన అహుజా నడుముకు చుట్టుకున్న తువ్వాలు చెదరకుండా ఉందని, పెనుగులాటే జరిగితే అది అలా నిలిచేది కాదని ప్రాసిక్యూషన్ చూపించింది. బయట బ్లిట్జ్ వారపత్రిక వారం వారం నానావతి పక్షాన రాస్తూ వచ్చింది. చివరికి జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, ఒకరు దోషి అన్నారు. జడ్జి మెహతా ఆ మాటను అంగీకరించలేక, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 307వ సెక్షన్ కింద కేసును హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు హత్యానేరం రుజువైందని యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరిచింది.

సుబ్బారావు గారి తీర్పు చదవండి, న్యాయశాస్త్రం చదువుకోనివారికి కూడా అర్థమవుతుంది. హఠాత్తుగా కలిగిన ఉద్రేకంలో చేసిన పని అన్న వాదనను ఆయన గడియారం ముందు నిలబెట్టారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇల్లు వదిలిన మనిషి నాలుగూ ఇరవైకి కాల్చాడు. మధ్యలో సుమారు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో భార్యాపిల్లలను సినిమాకు దించాడు, ఓడ మీదికి వెళ్లాడు, ఆయుధం తీసుకున్నాడు. తమాయించుకోవడానికి తగినంత వ్యవధి దొరికిందని, భార్యాపిల్లల భవిష్యత్తు గురించి కూడా ఆలోచించగలిగిన స్థితిలో ఉన్నాడని ఆయన రాశారు. ఈ తర్కంతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. మనిషి మనసు మూడు గంటల్లో చల్లారుతుందా అని అడగవచ్చు. ఏ వాక్యం దగ్గర విభేదిస్తున్నామో మాత్రం వేలుపెట్టి చూపించగలం. ఆ ఎనిమిదిమంది జ్యూరీ సభ్యుల మాటను అలా పట్టుకోలేం. వాళ్లు పెనుగులాట కథ నమ్మారా, ఉద్రేకం వాదన నమ్మారా, యూనిఫాం వేసుకున్న అధికారి మీద జాలిపడ్డారా? ఎవరికీ తెలియదు. జ్యూరీ కారణాలు చెప్పదు.

మరి అప్పీలు కోర్టు దేన్ని పట్టుకుంది? జడ్జి జ్యూరీకి చేసిన బోధను పట్టుకుంది. జ్యూరీ విచారణలో చివరన జడ్జి సాక్ష్యాన్నంతా సమీక్షించి, చట్టం ఇదీ అని జ్యూరీకి వివరిస్తారు. తుపాకీ ప్రమాదవశాత్తూ పేలిందని చెప్పుకునే ముద్దాయే దాన్ని రుజువు చేయాలన్న సంగతిని జడ్జి సరిగా వివరించలేదని హైకోర్టు తప్పుపట్టింది. అంటే జ్యూరీ ఏం ఆలోచించిందో చూడలేక, జ్యూరీకి ఏం చెప్పారో చూశారు. జ్యూరీ ఉన్న దేశాల్లో అప్పీళ్లు ఇప్పటికీ ఎక్కువగా ఇదే దారిలో నడుస్తాయి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. నానావతి కేసు వల్లే మన దేశంలో జ్యూరీ రద్దయిందని ఎక్కడ చూసినా రాస్తారు. ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని తీసివేయమని సిఫారసు చేసింది 1958లో. అప్పటికి ఆ కాల్పులు జరగనే లేదు. నానావతి కేసు తరువాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ విచారణలు సాగాయి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ ఊసు లేకుండా పోయింది, ఆ కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్క కేసు మీద నెపం పెట్టడం వల్ల అసలు ప్రశ్న మరుగున పడింది: మనకున్నది ఎలాంటి జ్యూరీ?

అది మొదటి నుంచీ ప్రజలది కాదు. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. భారతీయ జడ్జీలు జిల్లాల్లో తెల్లవారిని విచారించవచ్చన్న ఆ ప్రతిపాదనకు ఇక్కడి ఆంగ్లేయులు భగ్గుమన్నారు. రాజీగా చేసిన చట్టంలో, ముద్దాయి ఐరోపావాడైతే కనీసం సగంమంది తెల్లవారున్న జ్యూరీని కోరవచ్చని రాశారు. ఇక 1908లో తిలక్ మీద రాజద్రోహం కేసు బొంబాయి హైకోర్టులో జరిగినప్పుడు జ్యూరీలో ఏడుగురు ఐరోపావారు, ఇద్దరు పార్సీలు. నిర్ణయం ఏడు, రెండుగా చీలింది. మరాఠీలో రాసిన వ్యాసాల మీద విచారణ అది. ఆరేళ్ల ప్రవాస శిక్ష, మాండలే జైలు. జ్యూరీ తీర్పు ఎలా ఉన్నా తాను నిర్దోషినేనని తిలక్ అక్కడే నిలబడి చెప్పిన మాటలు ఇప్పుడు అదే హైకోర్టు గోడమీద చెక్కి ఉన్నాయి. ఇంగ్లండులో రాజుకు అడ్డుకట్టగా పెరిగిన వ్యవస్థను మన దేశంలో రాజ్యం చేతికర్రగా వాడుకున్నారు. పైగా బొంబాయి, మద్రాసు వంటి నగరాల్లో జ్యూరీ, జిల్లాల్లో చాలాచోట్ల అసెసర్లు. అసెసర్లు చెప్పినదాన్ని జడ్జి వినాలి కానీ పాటించనక్కర్లేదు. 1955లో వారిని తీసేశారు. దాని మీద ఎవరూ కన్నీరు పెట్టుకున్నట్టు లేదు.

ఇంగ్లండు అన్నాను కనుక 1670 చెప్పాలి. విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లు, అంటే ఒక క్రైస్తవ శాఖవారు, లండన్ వీధిలో మతబోధ చేశారని అక్కడి ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ. జ్యూరీ దోషులు అనలేదు. జడ్జీలు ఆ జ్యూరీని గదిలో పెట్టి తాళం వేశారు. అన్నం లేదు, నీళ్లు లేవు, చలికి నెగడు లేదు. అయినా మాట మార్చలేదు. జరిమానా వేశారు. కట్టనన్న జ్యూరీ సభ్యుడు ఎడ్వర్డ్ బుషెల్ జైలుకు వెళ్లి, అక్రమంగా బంధించారు విడిపించండి అని అక్కడి నుంచే హెబియస్ కార్పస్ పిటిషను వేశాడు. ఇచ్చిన నిర్ణయానికి జ్యూరీని శిక్షించే అధికారం ఎవరికీ లేదని చీఫ్ జస్టిస్ వాన్ తీర్పు చెప్పారు. కారణం చెప్పకపోవడం అప్పుడు జ్యూరీకి కవచం. కారణం అడిగితే రాజు మనుషులు ఆ కారణాన్నే పట్టుకుని వేధించేవారు. నానావతి కేసులో లోపంగా కనబడిన మౌనం బుషెల్ చేతిలో ధైర్యం. ఈ రెండూ ఒకే లక్షణం అని గుర్తించకుండా జ్యూరీ మంచిదా చెడ్డదా అని వాదించడం వృథా.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న కేసు చూద్దాం. దక్షిణాఫ్రికా 1969లో జ్యూరీని రద్దు చేసింది. అప్పటికి అక్కడ జ్యూరీలో కూర్చునేది తెల్లవారే కాబట్టి నల్లజాతివారికి పోయిందేమీ లేదు. పరుగు క్రీడాకారుడు ఆస్కార్ పిస్టోరియస్ 2013లో బాత్‌రూం తలుపు గుండా నాలుగుసార్లు కాల్చి రీవా స్టీన్‌క్యాంప్‌ను చంపాడు. దొంగ అనుకున్నానన్నాడు. జడ్జి తోకోజిలే మసీపా ఇద్దరు అసెసర్లతో కూర్చుని విని, 2014లో అది హత్య కాదు, అంతకన్నా తక్కువ నేరమని తీర్పు చెప్పారు. ఆమె మంచం మీదే ఉందని అతను నమ్మాడు కనుక ఆమె చనిపోతుందని ఊహించలేదని కారణం రాశారు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ కారణాన్నే తీసుకుని తప్పు ఎక్కడుందో చూపింది. తలుపు వెనుక ఉన్నది ఎవరన్నది ప్రశ్న కాదు, ఎవరున్నా సరే చనిపోవచ్చని అతనికి తెలుసా లేదా అన్నదే ప్రశ్న, తెలుసు, కనుక హత్యే అంది. జ్యూరీ ఒక్కమాటలో నిర్దోషి అని ఉంటే ఆ తప్పు ఎన్నటికీ బయటపడేది కాదు. అందుకే చెబుతున్నాను, కారణాలు రాయడం అనే పద్ధతిని నేను ప్రాణంగా చూస్తాను. అది ఓడిపోయినవారికి కోర్టు చెల్లించే బాకీ. మన చట్టంలోనూ ఉంది, తీర్పులో తేల్చవలసిన అంశాలు, నిర్ణయం, దానికి కారణాలు ఉండి తీరాలని.

అమెరికాకు వద్దాం, మీకు దగ్గరి విషయం కనుక. పిలుపు అందినవారు ఒక పెద్ద గదిలో చేరతారు. కొందరిని కోర్టు హాల్లోకి తీసుకెళ్తారు. జడ్జి, ఇరుపక్షాల లాయర్లు ప్రశ్నలు వేస్తారు. మీ ఇంట్లో పోలీసు ఉద్యోగి ఉన్నారా? మీ మీద ఎప్పుడైనా దొంగతనం జరిగిందా? పోలీసు చెప్పే సాక్ష్యాన్ని మామూలు మనిషి సాక్ష్యంకన్నా ఎక్కువ నమ్ముతారా? నిష్పక్షపాతంగా ఉండలేరని తేలితే జడ్జి పంపేస్తారు. అది కాక ఇరుపక్షాలకూ కారణం చెప్పకుండా కొందరిని తప్పించే హక్కు ఉంటుంది. ఆ హక్కును నల్లవారిని ఏరివేయడానికి వాడారు. అలా చేయకూడదని 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది, కానీ వేరే సాకులు చెప్పి చేయడం ఆగలేదు. 2019లో మిసిసిపీకి చెందిన కర్టిస్ ఫ్లవర్స్ కేసులో అదే తప్పు మళ్లీ దొరికింది. ఒకే నేరానికి ఒకే ప్రాసిక్యూటర్ అతన్ని ఆరుసార్లు విచారించాడు.

లూసియానా రాష్ట్రం కథ ఇంకా విప్పి చూడదగ్గది. నల్లవారిని జ్యూరీ నుంచి బొత్తిగా వెలివేయడం కుదరదని తెలిశాక, 1898లో ఆ రాష్ట్రం తన రాజ్యాంగాన్ని మార్చి, పన్నెండులో తొమ్మిదిమంది చాలు, ఏకాభిప్రాయం అక్కర్లేదని రాసుకుంది. ఒకరిద్దరు నల్లవారు కూర్చున్నా వారి ఓటు చెల్లకుండా చేయడమే ఉద్దేశం. తరువాత అది పది అయింది. 2020లో రామోస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ చరిత్రను ప్రస్తావించి మరీ, గురుతర నేరాల్లో పన్నెండుమందీ ఒక్కమాట మీద ఉండాల్సిందేనని తేల్చింది. ఎంతమంది ఒప్పుకోవాలి అన్న అంకె చూడటానికి లెక్కల వ్యవహారంలా ఉంటుంది, లోపల ఎవరి మాట చెల్లాలన్న రాజకీయం ఉంటుంది. ఇంగ్లండులో 1967 నుంచి పన్నెండులో పదిమంది చాలు. స్కాట్లాండులో పదిహేనుమంది కూర్చుంటారు, మొన్నటిదాకా ఎనిమిదిమంది అంటే చాలు దోషి. దోషి, నిర్దోషి కాక ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు కూడా అక్కడ ఉండేది. 2025లో ఆ మూడో తీర్పును తీసేస్తూ చట్టం చేశారు, దోషి అనడానికి మూడింట రెండు వంతుల మెజారిటీ అడిగారు.

అమెరికా జ్యూరీని తలకెత్తుకునేవారు ఒక సంగతి మరిచిపోతారు. 2012లో ఆ దేశపు సుప్రీంకోర్టే చెప్పింది, ఫెడరల్ కోర్టుల్లో నేరనిర్ధారణల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం ముద్దాయి నేరం ఒప్పుకోవడం వల్ల వచ్చినవేనని. జ్యూరీ దాకా వెళ్లి ఓడితే శిక్ష ఎక్కువ పడుతుందన్న భయంతో బేరం కుదుర్చుకుంటారు. నిరపరాధులు కూడా. రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉంది, అది వాడుకుంటే పడే దెబ్బ భయమూ ఉంది.

జ్యూరీని పక్కకు నెట్టిన సందర్భాల్లో కొన్నింటికి న్యాయమైన కారణం ఉంది, కొన్నింటికి లేదు. ఉత్తర ఐర్లండులో హింస రగులుతున్న రోజుల్లో జ్యూరీ సభ్యులను బెదిరిస్తున్నారని 1973 నుంచి జడ్జి ఒక్కరే విచారించే కోర్టులు పెట్టారు. లార్డ్ డిప్లాక్ పేరుతో పిలిచేవారు. కానీ జడ్జి కారణాలు రాయాలి, దోషిగా తేలినవారికి అప్పీలు హక్కుగా ఉండాలి అని షరతులు పెట్టారు. హాంకాంగ్‌లో 2020 జాతీయ భద్రతా చట్టం కింద జ్యూరీకి బదులు ముగ్గురు జడ్జీలను కూర్చోబెట్టవచ్చు, ఆ జడ్జీలు కూడా ప్రభుత్వాధినేత తయారుచేసిన జాబితాలోనివారే అయి ఉండాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. జ్యూరీ ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందనీ కాదు. పక్కనున్న శ్రీలంకలో ఏడుగురితో జ్యూరీ ఉంది. ఏ భాష మాట్లాడే జ్యూరీ కావాలో ముద్దాయి కోరుకోవచ్చు. తమిళ ఎంపీ నడరాజా రవిరాజ్ 2006లో కొలంబోలో హత్యకు గురైతే, ముద్దాయిలను 2016లో సింహళ భాషా జ్యూరీ విడుదల చేసింది. ఆ కుటుంబం ఆ తీర్పును ఎలా తీసుకుని ఉంటుందో ఆలోచించండి. కారణం కూడా చెప్పని తీర్పు.

మరి జ్యూరీ ఒద్దు, జడ్జి ఒక్కరే చాలు అనడం తప్ప దారి లేదా? ఉంది. జర్మనీ 1924లో జ్యూరీని రద్దు చేసింది, కానీ ప్రజలను ఇంటికి పంపలేదు. షెఫెన్ అని పిలిచే మామూలు పౌరులు ఐదేళ్ల కాలానికి ఎంపికై జడ్జి పక్కనే కూర్చుంటారు. కింది కోర్టులో ఒక జడ్జి, ఇద్దరు పౌరులు. ముగ్గురివీ సమానమైన ఓట్లు. ఇద్దరు పౌరులు ఒకటైతే జడ్జి మాట వీగిపోతుంది, అయినా ఆ తీర్పుకు కారణాలు జడ్జే రాయాలి. తనకు నచ్చని తీర్పుకు నిజాయితీగా కారణాలు రాయడం ఎంత కష్టమో, ఎంత క్రమశిక్షణ కావాలో ఊహించండి.

జపాన్ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. 1928 నుంచి 1943 దాకా అక్కడా జ్యూరీ ఉండేది, యుద్ధంలో ఆపేశారు. 2009లో కొత్త పద్ధతి వచ్చింది. హత్య వంటి ఘోర నేరాల్లో ముగ్గురు జడ్జీలు, ఆరుగురు పౌరులు ఒకే వేదిక మీద కూర్చుంటారు. పౌరులు సాక్షిని నేరుగా ప్రశ్నించవచ్చు. దోషి అనాలంటే మెజారిటీ కావాలి, ఆ మెజారిటీలో కనీసం ఒక జడ్జి ఉండాలి. అంతకుముందు అక్కడి జడ్జీలు వాంగ్మూలాల కట్టలు ఛాంబరుకో ఇంటికో తీసుకెళ్లి చదువుకుని తీర్పు రాసేవారు. పౌరులు వచ్చాక అది కుదరలేదు. కూరగాయల దుకాణం నడిపే మనిషికి వేల పేజీల కట్ట ఇచ్చి చదువుకు రమ్మనలేరు కదా. సాక్షి వచ్చి అందరి ముందు చెప్పాలి, అందరూ వినాలి, రోజు వెంట రోజు విచారణ సాగి ముగియాలి. విచారణ మొదలయ్యే ముందు ఏ అంశాలు వివాదంలో ఉన్నాయో తేల్చుకోవడానికి నెలలు పడుతున్న మాట నిజమే. మొదలయ్యాక మాత్రం ఆగదు.

ఫ్రాన్సు దీనికి ఎదురుదిశలో నడుస్తోంది. అక్కడ ఘోర నేరాలకు ముగ్గురు జడ్జీలు, ఆరుగురు పౌరులు కలిసి కూర్చునే కోర్టు ఉంది. 2023 నుంచి, 15 నుంచి 20 ఏళ్ల శిక్ష పడగల నేరాలను, ముఖ్యంగా అత్యాచారం కేసులను, పౌరులు లేని ఐదుగురు జడ్జీల కోర్టుకు దేశమంతటా మార్చారు. భర్తే మత్తుమందిచ్చి పరాయివాళ్లతో అత్యాచారం చేయించిన జిజెల్ పెలికో కేసు 2024లో అవిన్యో నగరంలో అలాంటి కోర్టు ముందే జరిగింది. 51 మంది ముద్దాయిలు, అందరూ దోషులుగా తేలారు. రహస్య విచారణ ఒద్దు, తలుపులు తెరిచే ఉంచండి అని ఆమె పట్టుబట్టింది. జ్యూరీ లేని లోటును ఆమె తన ధైర్యంతో కొంత పూడ్చింది. జనం ఆ గదిలోకి ప్రేక్షకులుగా వచ్చారు. తీర్పరులుగా కాదు. ఒక ముద్దాయి అప్పీలు చేసుకుంటే 2025లో పౌరులున్న కోర్టు విని శిక్షను తొమ్మిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది. మామూలు జనం అత్యాచారం కేసుల్లో మెత్తబడతారన్న వాదన ఆ ఒక్కచోట అయినా నిలవలేదు.

ఇక మన ఇంటికి రండి. జ్యూరీతోపాటు మనం పోగొట్టుకున్నది ఏమిటి? పన్నెండుమంది వివేకం అని కొందరంటారు. నేను అలా అనను. మనం పోగొట్టుకున్నది, విచారణను ఒక్క బిగిన ముగించి తీరాలన్న ఒత్తిడి. తొమ్మిదిమంది మనుషులను పనులు మానిపించి కూర్చోబెట్టాక, వచ్చే నెలకు వాయిదా వేస్తామని ఏ జడ్జీ అనలేరు. కూర్చోబెట్టిన మనుషులు లేరు కాబట్టి మనకు వాయిదా సులువైపోయింది. రోజువారీగా విచారించాలని 1973 నాటి పాత కోడ్‌లో 309వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 346వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద అది ఎప్పుడూ ఉంది.

సెషన్స్ కోర్టులో జరిగేది ఇదీ. సాక్షి పొద్దున్నే బస్సు పట్టుకుని వస్తాడు. కూలి పోగొట్టుకుని వస్తాడు. కోర్టు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. మధ్యాహ్నం పిలుస్తారు. చీఫ్, అంటే పిలిపించిన పక్షం లాయరు అడిగే ప్రశ్నలు, అయిపోతుంది. క్రాస్‌కు, అంటే ఎదుటి పక్షం ప్రశ్నలకు, సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారని జూనియర్ పిటిషను వేస్తాడు. వాయిదా. సాక్షి మళ్లీ రావాలి. ఈలోగా ఊళ్లో ఎవరెవరు అతని ఇంటికి వెళ్లి మాట్లాడారో మనకు తెలుసు. 2015లో వినోద్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చూసి బాధపడింది ఇదే. చీఫ్‌కూ క్రాస్‌కూ మధ్య ఇరవై నెలలు గడిచాయి, సాక్షి మాట మార్చాడు. ఈలోగా జడ్జి గారికి బదిలీ అవుతుంది. కొత్త జడ్జి పాత జడ్జి నమోదు చేసిన సాక్ష్యం మీద తీర్పు రాయవచ్చని పాత కోడ్ 326వ సెక్షన్ అనుమతించింది. సాక్షి తడబడ్డాడా, ముద్దాయి వైపు చూసి భయపడ్డాడా, గొంతు వణికిందా? సాక్షి తీరు గురించి జడ్జి రాసిపెట్టడానికి పాత కోడ్ 280వ సెక్షన్‌లో వీలుండేది. నా చేతుల్లోంచి వెళ్లిన రికార్డుల్లో అలా రాసినవి బహు అరుదు. ఎవరో చూశారు, మరెవరో తీర్పు చెప్పారు. కారణాలు రాయడం మా బలం అని చెప్పుకుంటూ, ఆ కారణాలకు ఆధారమైన మనిషిని చూడకుండా రాస్తున్నాం. మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలు.

మీరు అడగవచ్చు, జ్యూరీ ఉన్న ఇంగ్లండులో ఆలస్యం లేదా అని. ఉంది. అక్కడ జ్యూరీ విచారణలు జరిగే క్రౌన్ కోర్టుల్లో పెండింగు కేసులు 75 వేలు దాటాయి. ఆ కారణం చూపించే 2025లో మాజీ న్యాయమూర్తి సర్ బ్రయన్ లెవిసన్ నివేదిక మధ్యరకం నేరాల్లో జ్యూరీని తగ్గించమంది, ఆ డిసెంబరులో ప్రభుత్వం అంతకన్నా ముందుకు వెళ్లి, మూడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో చాలావాటిని జడ్జి ఒక్కరికే అప్పగిస్తామంది. బ్రిటిష్ లాయర్లు గట్టిగా ఎదిరించారు. అక్కడ ఆలస్యం మొదలుకావడంలో ఉంది, మొదలైతే రోజుల్లో ముగుస్తుంది. మన దగ్గర మొదలు కావడానికీ ఆలస్యమే, ముగియడానికీ ఆలస్యమే. జ్యూరీని తీసేసినంత మాత్రాన వేగం రాదని వాళ్లకు చూపించడానికి మనకన్నా సాక్ష్యం ఎవరుంటారు?

నేను అడుగుతున్నది పాత జ్యూరీని కాదు. హత్య, అత్యాచారం కేసుల్లో జిల్లా జడ్జి పక్కన ఓటర్ల జాబితా నుంచి లాటరీ తీసి కూర్చోబెట్టిన నలుగురు పౌరులు. అందులో సగం ఆడవారు. మొదలైన విచారణ ఆగకూడదు. విన్నవారే తీర్పు చెప్పాలి. కారణాలు జడ్జి రాయాలి. ముందు రెండు మూడు జిల్లాల్లో పెట్టి చూడమనండి.

సభ నుంచి: కులం చూసి తీర్పు చెబుతారు కదండీ? రచ్చబండ తీర్పులు మనం చూడలేదా?

రచ్చబండ మీద కూర్చునేవారు ఊరి పెద్దలు, తమకు తామే పెద్దలైనవారు. ఇరుపక్షాలనూ ఎరిగినవారు, అప్పిచ్చినవారు, పొలం కౌలుకిచ్చినవారు. లాటరీలో వచ్చిన మనిషికి పక్షాలతో పరిచయం ఉందని తేలితే వెంటనే తప్పిస్తారు. కులం బెడద ఉండదని నేను చెప్పను. అందుకే జడ్జి పక్కన ఉండాలి, కారణం రాయాలి. పార్సీలకు మన దేశంలో ఇప్పటికీ అలాంటిదొకటి ఉంది తెలుసా? 1936 చట్టం కింద వారి విడాకుల కేసుల్లో జడ్జితోపాటు పార్సీ ప్రతినిధులు కూర్చుని వాస్తవాలు తేలుస్తారు. ఒకప్పుడు ఏడుగురు, 1988 నుంచి ఐదుగురు.

సభ నుంచి: మా అబ్బాయి టెక్సస్‌లో ఉన్నాడు, గ్రీన్ కార్డు మాత్రమే వచ్చింది. జ్యూరీ పిలుపు వచ్చింది. వెళ్లకపోతే ఏమైనా అవుతుందా?

అమెరికా పౌరులు మాత్రమే కూర్చోవాలి, కనుక మీ అబ్బాయికి అర్హత లేదు. డ్రైవింగ్ లైసెన్సుల జాబితాలోంచి కూడా పేర్లు తీస్తారు, అందుకే వచ్చి ఉంటుంది. అలాగని కాగితం పక్కన పడేయవద్దనండి. జవాబు ఇవ్వాలి. అందులో పౌరుడివా అని ఒక ప్రశ్న ఉంటుంది, కాదని రాసి పంపాలి. తొందరలో పౌరుడినని గుర్తు పెట్టాడంటే తరువాత పౌరసత్వానికే ఎసరు వస్తుంది, దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. పంపిన జవాబు నకలు ఒకటి దగ్గర పెట్టుకోమని చెప్పండి.